చుక్క కారదు, ఇంజిన్ మాత్రం కాగిపోతుంది

మే నెల రెండో వారం. శ్రీశైలం వెళ్దామని హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరి మన్ననూరు చెక్‌పోస్టు దాటాం. నల్లమలలో బండి బాగానే సాగింది. దోమలపెంట దాటి, ఘాట్ దిగి, డ్యాం కింద వంతెన దాటి, లింగాలగట్టు నుంచి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టాక నాలుగో మలుపులోనో ఐదో మలుపులోనో పక్క సీట్లోంచి మా బావమరిది అన్నాడు: "బావా, మీటర్లో ఏదో ఎర్రగా వెలుగుతోంది."

మాది పదకొండేళ్ల చిన్న పెట్రోలు కారు. వేడి చూపించే ముల్లు ఉండదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మరీ కాగితే ఎర్ర దీపం, అంతే. ఏసీ ఆపేశాను. కాసేపటికి ఎర్ర దీపం ఆరిపోయింది. అమ్మయ్య అనుకున్నాం. మరో మలుపు తిరిగేసరికి బానెట్ అంచుల్లోంచి ఆవిరి.

దీపం ఆరిపోయి మేం ఊపిరి పీల్చుకున్న ఆ నిమిషమే ఆ ప్రయాణం మొత్తంలో ప్రమాదకరమైన నిమిషమని నాకు తర్వాత తెలిసింది. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉండాలి. కూలెంట్ మట్టం పడిపోయి సెన్సర్ చుట్టూ ఆవిరి, గాలి మిగిలితే అది లోహపు అసలు వేడిని పట్టుకోలేదు. లోపల ఇంజిన్ కాలిపోతున్నా బయటికి తక్కువే చెప్పవచ్చు. ముల్లు ఉన్న బండ్లలోనూ ఇంతే. ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు మనమేమీ చేయకుండానే టపీమని కిందికి పడితే సంతోషించకూడదు, బండి ఆపేయాలి.

అసలు ఆ బండి అప్పటికి రెండు నెలలుగా నన్ను ఆడిస్తోంది. కూలెంట్ డబ్బాలో మట్టం వారానికింత చొప్పున తగ్గేది. పార్కింగ్‌లో నేల మీద చుక్క కనబడేది కాదు. మొదట చూపించిన గ్యారేజీలో వాటర్ పంపు మార్చారు. తగ్గడం ఆగలేదు. రెండోచోట "థర్మోస్టాట్ తీసేశాను సార్, ఇంక మీ బండి జన్మలో హీటెక్కదు" అన్నారు. వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే చిన్న వాల్వు అది. మట్టం తగ్గినప్పుడల్లా ఒకచోట కూలెంట్, ఇంకోచోట కుళాయి నీళ్లు పోశారు. ఇద్దర్నీ మోసగాళ్లని అనను. ఇద్దరూ మందు రాశారు, రోగం ఏమిటో అడగలేదు.

ఇక్కడ చిక్కు ఉన్న మాట నిజమే. నీళ్లు పోతే ఇంజిన్ కాగుతుంది. ఇంజిన్ కాగితే నీళ్లు పోతాయి. చెట్టు ముందా, విత్తు ముందా? అందుకే సామాను మార్చే ముందు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. బండి ఎప్పుడు హీటెక్కుతోంది? నీళ్లు ఎటు పోతున్నాయి? ఈ రెండింటి మధ్య మూడోది ఒకటి దాక్కుని ఉంటుంది, ఒత్తిడి. మా బండి విషయంలో ఎవరూ చూడనిది అదే.

కుక్కర్ లెక్క

ఇంజిన్‌లో కాలే పెట్రోలులో చక్రాల దాకా చేరే శక్తి మహా అయితే మూడో వంతు. మిగిలినదంతా వేడే. అందులో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పోతుంది, ఇంకో పెద్ద భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి వదలాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో కూలెంట్ 90 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. అంటే రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేటప్పుడు కూడా అది మరగడానికి పది డిగ్రీల దూరంలోనే ఉన్నట్టు లెక్క. మరి ఎండాకాలంలో ట్రాఫిక్‌లో 100 దాటినా మరగదేం?

వంటింట్లో కుక్కర్ పెట్టే ఇంట్లో ఈ జవాబు కొత్త కాదు. మూత బిగించి ఆవిరిని పోనివ్వకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. రేడియేటర్ మూత చేసే పని ఇదే. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అంత బార్ ఒత్తిడి వచ్చేవరకు లోపలి స్ప్రింగు వాల్వు తెరుచుకోదని దానర్థం. కుక్కర్ మీద వెయిట్ లాంటిదే. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ఇంకొంచెం సాయం చేస్తుంది. సగం గ్లైకాల్, సగం నీళ్లు కలిపిన ద్రవం మూత లేకుండా అయితే సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడి కూడా తోడైతే 125 దాటినా మరగదు.

ఇప్పుడు కుక్కర్ రబ్బరు పాడైందనుకోండి. పక్కనుంచి బుస్సుమని సన్నగా ఆవిరి పోతుంటుంది. విజిల్ రాదు, పప్పు ఉడకదు. పోయిన నీళ్లు కొంచెమే అయినా కుక్కర్ కుక్కర్‌లా పనిచేయడం మానేస్తుంది. కూలింగ్ వ్యవస్థలో సూదిమొన అంత చిల్లు చేసేది సరిగ్గా ఇదే. పది చుక్కలు పోయాయని మనం అనుకుంటాం. పోయింది పది చుక్కలు కాదు, ఇరవై డిగ్రీల రక్షణ. పైగా తగ్గినప్పుడల్లా వట్టి నీళ్లు పోస్తూ వచ్చామంటే గ్లైకాల్ పలచబడి ఆ 107 కూడా 100 వైపు దిగుతుంది. ఘాట్ రోడ్డు మీద, మే నెలలో, నలుగురు మనుషులతో, ఏసీ వేసుకుని వెళ్తున్న మా బండి ఆ స్థితిలో ఉంది.

ఒకచోట కూలెంట్ మరిగితే అక్కడ ఆవిరి బుడగ ఏర్పడుతుంది. ఆవిరి లోహం నుంచి వేడిని ద్రవంలా లాగలేదు. దాంతో అక్కడి లోహం ఇంకా కాగుతుంది, ఇంకా బుడగలు వస్తాయి, ఉబ్బిన కూలెంట్ డబ్బాలోకి తన్నుకొచ్చి బయట పొంగిపోతుంది. నెలలుగా చుక్క చుక్కగా పోయినది రెండు మలుపుల్లో లీటర్ల లెక్కన పోయేది ఇలాగే.

నిజానికి తొలి కారులో మరగడమే కూలింగు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు ఇంజిన్ చుట్టూ మరిగి ఆవిరైపోయేవి, మళ్లీ పోసుకోవాలి. 1888లో ఆయన భార్య బెర్తా ఆ రకం బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా వెళ్లినప్పుడు దారి పొడవునా నీళ్లు నింపుకుంటూ వెళ్లింది. సున్నిపెంట ఘాట్‌లో తాగే నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు ఆవిడ గుర్తుకు రాలేదు, మా అత్తగారు మాత్రం శివుణ్ని చాలాసార్లు తలుచుకున్నారు.

ఎప్పుడు హీటెక్కుతోంది?

మెకానిక్ దగ్గరికి వెళ్లి "బండి హీటెక్కుతోంది" అంటే డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాలేదు" అన్నట్టే. ఎప్పుడు అన్నది చెబితే సగం పని అయిపోతుంది.

సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో కాగుతూ, హైవే ఎక్కి వేగం అందుకోగానే చల్లబడుతుంటే ముందు ఫ్యాను మీద అనుమానపడండి. వేగంలో ఉన్నప్పుడు గాలి దానంతటదే రేడియేటర్ గుండా పోతుంది, ఫ్యాను అవసరం పెద్దగా లేదు. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. బండి స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా బండ్లలో ఏసీ వేసిన కాసేపటికే ఫ్యాను తిరగాలి. తిరగలేదంటే ఫ్యూజు, రిలే అనే చిన్న స్విచ్చు, వైరు, మోటారు వరుసగా చూసుకోవచ్చు. ఏసీకి తిరుగుతూ ఇంజిన్ వేడికి తిరగకపోతే మోటారు బాగానే ఉంది, లోపం సెన్సర్ వైపు ఉంది. రిలే అయితే ఖర్చు తక్కువ. దాన్ని చూడకుండా రేడియేటర్ విప్పితే మాత్రం ఖర్చు వేలల్లోకి పోతుంది.

దీనికి తిరగేసి, ఊళ్లో బాగుండి హైవే మీద వేగంలో కాగితే, వేడి పుట్టినంత వేగంగా బయటికి పోవడం లేదని అర్థం. రేడియేటర్ రెక్కల మధ్య మట్టి, ఉసుళ్లు, కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం నుంచి లేచిన పొట్టు పేరుకుని ఉండొచ్చు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి ఈ చెత్త రెండింటి నడుమ ఇరుక్కుంటుంది, బయటినుంచి చూస్తే కనబడదు. లోపలి గొట్టాలు పూడుకుపోవడం ఇంకో కారణం. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా పడుతుందో మనందరికీ తెలుసు. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే ఆ పొర అగ్గిపుల్లంత సందులున్న గొట్టాల్లో పడుతుంది. అందుకే కూలెంట్‌లో కలపాల్సింది బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. దారిలో ఆపద వస్తే ఏ మంచినీళ్లయినా పోయొచ్చు, కానీ ఇంటికి వచ్చాక మొత్తం తీసి మార్చుకోవాలి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పరుగెత్తుతుంటే కథ వేరు. థర్మోస్టాట్ మూసుకుని బిగిసిపోయి ఉండొచ్చు, లోపల గాలి ఇరుక్కుని ఉండొచ్చు, లేదా కూలెంట్ దాదాపు లేకపోవచ్చు. థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న వాల్వు. సుమారు 82 నుంచి 90 డిగ్రీల మధ్య మైనం ఉబ్బి దారి తెరుస్తుంది. ఇంజిన్ కాగినా రేడియేటర్ కింది పైపు చల్లగానే ఉంటే అది తెరుచుకోలేదని అనుమానించాలి. విప్పి గిన్నెలో నీళ్లు పోసి కాచి చూస్తే తెరుచుకుంటుందో లేదో కళ్ల ముందే తేలిపోతుంది.

మన దగ్గర దీనికి మందు "తీసి పారేయడం". ఉష్ణదేశం కదా, మనకెందుకు అంటారు. ఈ సలహాతో నాకు అస్సలు పడదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగొచ్చు. అంతకన్నా వింత ఏమిటంటే, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనకున్న పళ్లెం అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లో తిరుగుతుంటుంది. చల్లబరుద్దామని తీస్తే వేడెక్కే బండ్లు అందుకే ఉన్నాయి.

ఇక ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే కాగే బండి. ఇది ఒక్క సామాను మీద వేలు చూపించే లక్షణం కాదు. వేగం తక్కువ, గాలి తక్కువ, ఇంజిన్ మీద బరువు ఎక్కువ, ముందు కండెన్సర్ వేడి. వ్యవస్థలో ఏది బలహీనంగా ఉన్నా అక్కడ బయటపడుతుంది. ఊళ్లో దాచుకున్న లోపాన్ని ఘాట్ రోడ్డు దాచనివ్వదు.

నీళ్లు ఎటు పోతున్నాయి?

ముందు ఒక అనవసరపు టెన్షన్ తీసేద్దాం. ఏసీ వేసుకుని తిరిగొచ్చాక ముందు సీటు కింది భాగాన నేల మీద పడే తేటనీళ్లు లీకు కాదు, ఏసీలో చేరిన తేమ. వేళ్ల మధ్య రుద్దితే మామూలు నీళ్లలా ఉంటాయి. కూలెంట్ రంగులో ఉంటుంది, జిగటగా జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. రుచి చూసి తేల్చుకుందామని మాత్రం అనుకోకండి, గ్లైకాల్ విషం. ఆ తీపికే కుక్కలు నాకుతాయి, పిల్లలకూ ప్రమాదం. రంగుని నమ్మి రకాన్ని కూడా తేల్చకూడదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంపెనీల ఇష్టం, అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతి లేదు. ఏది పోయాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

బయటికి పోయే దారులు చాలా ఉన్నాయి. హోస్ పైపుల బిగింపులు, గట్టిపడి పగిలిన రబ్బరు, వాటర్ పంపు. పంపు సీలు పోతే తెలియడానికి దానికి అడుగున చిన్న రంధ్రం పెడతారు, అక్కడ తడి మరకలు ఉంటే పంపు పని అయిపోయిందని గుర్తు. మా పాత పంపుకి ఆ మరక లేదు. అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

లోపలికి పోయే దారి హీటర్. పక్క సీటు కింద కార్పెట్ తడిసి, అద్దం మీద తుడిస్తే పోని జిడ్డు పొర కమ్మి, బండిలో తియ్యటి వాసన వస్తుంటే డాష్‌బోర్డు వెనకున్న హీటర్ రేడియేటర్ కారుతోందేమో చూడాలి.

అందరూ భయపడేది మూడో దారికి, హెడ్ గ్యాస్కెట్‌కి. ఇంజిన్ బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే ఈ పొర చిరిగితే కూలెంట్ సిలిండర్‌లోకి పోయి కాలిపోవచ్చు, ఆయిల్‌లో కలవొచ్చు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోవడం, ఆయిల్ పాల టీలా మారడం, ఇంజిన్ తిరుగుతుంటే కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం, పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషానికే, ఇంకా వేడి కూడా రాకముందే, పై పైపు రాయిలా గట్టిపడటం దీని గుర్తులు. ఆయిల్ మూత లోపల కాస్త తెల్లటి నురగ కనబడగానే గ్యాస్కెట్ పోయిందని ఎవరైనా అంటే ఆగండి. వానాకాలంలో దగ్గర దూరాలు మాత్రమే తిరిగే బండిలో తేమకి కూడా అది వస్తుంది. ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర గాలిని నీలం ద్రవం గుండా లాగుతారు. పెట్రోలు కాలిన పొగ అందులో ఉంటే ద్రవం పసుపు పచ్చగా మారుతుంది. హెడ్ విప్పే ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్ష ఎంతో కాదు. విప్పమనే ముందు అడగండి.

గాలి నిలవని బండి

ఆవిరి చూశాక చేసిన పనుల్లో నేను సరిగ్గా చేసింది ఒక్కటే, మూత తీయలేదు. దగ్గర్లో ఆగిన ఒక జీపు డ్రైవరు గుడ్డ తెచ్చి తిప్పబోయాడు, వద్దన్నాను. లోపల ద్రవం 100 దాటి కూడా ఒత్తిడి వల్లే మరగకుండా ఆగి ఉంటుంది. మూత తీసిన క్షణాన అదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ మీద చల్లనీళ్లు కుమ్మరించడమూ అంతే తప్పు. కాగిన అల్యూమినియం హెడ్ వంగుతుంది, పగలొచ్చు కూడా. హెడ్ వెంట్రుక మందం వంగినా గ్యాస్కెట్ పట్టు పోతుంది. దీపం వెలగగానే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, మొదట దొరికిన చోట పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయాలి. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఆపే చోటు దొరికేలోపు కొంత వేడిని మన మీదికి లాగుతుంది. ఉక్కపోతకి ఓర్చుకోవాలి. గంట ఆగి, పై పైపు చేతికి ఆనేంత చల్లబడ్డాక, మూత కొంచెం కొంచెంగా తిప్పి నీళ్లు పోశాను. రెండు సీసాలకు పైగా పట్టాయి. మెల్లగా కొండెక్కి, దర్శనం చేసుకుని, రాత్రి ఉండిపోయి, మర్నాడు తెల్లారి చల్లటి పూట ఏసీ లేకుండా తిరిగొచ్చాం.

హైదరాబాద్‌లో ఈసారి రేడియేటర్ పని మాత్రమే చేసే ఒక పాత షాపుకి వెళ్లాను. భాయ్‌కి అరవై పైనే ఉంటాయి. నా కథంతా విని, "నీళ్ల సంగతి తర్వాత సార్, ముందు గాలి నిలుస్తుందా లేదా చూద్దాం" అన్నాడు. సైకిలు పంపు లాంటి దానికి ఒత్తిడి చూపించే గడియారం బిగించి ఉంది. రేడియేటర్ మూత స్థానంలో దాన్ని పెట్టి, మూత మీదున్న అంకె దాకా గాలి కొట్టాడు. ఇంజిన్ ఆపే ఉంది, చల్లగానే ఉంది. ముల్లు పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. మా ముల్లు మెల్లగా, కంటికి కనబడీ కనబడనట్టు దిగడం మొదలుపెట్టింది.

టార్చి వేసి వెతికాడు. అల్యూమినియం రేడియేటర్‌కి పక్కన ప్లాస్టిక్ ట్యాంకు అతికే అంచున, ఫ్యాను చట్రం వెనక, ఉప్పు పేరుకున్నట్టు ఆకుపచ్చ తెలుపు మరక. అక్కడ వెంట్రుకవాసి పగులు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది. వేడికి ప్లాస్టిక్ సాగి, ఒత్తిడి వచ్చాక తెరుచుకుంటుంది. బయటికొచ్చిన చుక్క వేడి లోహం మీద పడి నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది. మిగిలినదాన్ని ఇంజిన్ కింది ప్లాస్టిక్ పళ్లెం పట్టేసుకుంటుంది. రెండు నెలలు నేను రోజూ పొద్దున్నే వంగి నేల చూశాను. చూడాల్సింది నేల కాదు, మరక.

మూతని కూడా అదే పంపుతో పరీక్షించి, పాతదే బాగుందని తిరిగి ఇచ్చాడు. నీలం ద్రవం పరీక్ష చేశాడు, రంగు మారలేదు. గ్యాస్కెట్ బతికిపోయింది, అదృష్టమే. పగుల్ని అతికించొచ్చు కదా అని అడిగాను. "పాత ఇత్తడి రేడియేటర్ అయితే టంకం వేసి పదేళ్లు గ్యారంటీ ఇచ్చేవాణ్ని. ఈ ప్లాస్టిక్‌కి ఏం రాసినా ఇంకో ఘాట్ దాకే" అన్నాడు. మా నాన్నగారి తరం డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు వేసేవారని గుర్తుచేస్తే నవ్వాడు. పసుపు చిన్న చిల్లుల్ని పూడుస్తుంది, నిజమే. చిల్లేదో గొట్టమేదో దానికి తెలియదు కదా, ఇప్పటి సన్నటి గొట్టాల్నీ హీటర్‌నీ కూడా పూడుస్తుంది. బజార్లో దొరికే లీకు ఆపే పొడులూ ఆ జాతివే. అడవిలో ఇరుక్కుంటే వేసుకోవచ్చు, ఇంటి ముందున్న బండికి వేయకూడదు.

కొత్త రేడియేటర్ వేశాడు. తీసేసిన థర్మోస్టాట్ బదులు కొత్తది పెట్టించాను. లోపలంతా కడిగి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోసి, హీటర్ ఫుల్లుగా పెట్టి, మూత లేకుండా ఇంజిన్ తిప్పుతూ బుడగలు ఆగేదాకా గాలి తీశాడు. ఇది తొందరపడే పని కాదు. గాలి మిగిలితే మళ్లీ హీటెక్కుతుంది, కొత్త రేడియేటర్‌ని తిట్టుకుంటాం.

ఇంటికొచ్చి కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీశాను. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి ఎప్పుడూ ఒకేచోట నిలబెట్టి చూడాలి, అప్పుడే లెక్క సరిగ్గా ఉంటుంది. రెండో రోజు చూస్తే వేలెడు తగ్గి ఉంది. గుండె ఝల్లుమంది. భాయ్‌కి ఫోన్ చేస్తే, "మిగిలిన గాలి బయటికొచ్చింది సార్, ఆ మేరకు పోయండి. మళ్లీ తగ్గితే అప్పుడు రండి" అన్నాడు. పోశాను. కార్తీకంలో మళ్లీ శ్రీశైలం వెళ్లొచ్చి చూస్తే మట్టం గీత దగ్గరే ఉంది.